గవర్రాజు రెండో పెళ్లి

పత్రికలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశానని చెప్పగానే కొత్తగా చేరే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న, "ఎవరెవరిని కలిశారు మేడం?" అని. మంత్రుల్ని, సినిమావాళ్లని కలిసి ఉంటానని వాళ్ల ఆశ. నేను దగ్గరగా ఎరిగింది రెండు గూడబాతుల్ని. ఒకటి లావు, ఒకటి సన్నం. వాటి మూలంగానే నా ఉద్యోగం ఒకసారి ఊడబోయింది, వాటి మూలంగానే నిలిచింది. ప్రమోషన్లూ బదిలీలూ మీకు ఆఫీసువాళ్లే చెబుతారు. నేను ఆ గూడబాతుల సంగతి చెబుతాను, ఎందుకంటే ఈ పని ఏమిటో నాకు నేర్పింది అవే.

బుడగలో పట్టేంత

కంప్యూటర్లు ఇంకా పూర్తిగా రాని రోజులు. ఏలూరులో ఒక దినపత్రిక ఎడిషన్ ఆఫీసులో నాది చేతిరాత ఉద్యోగం. అక్షరాలు గుండ్రంగా రాస్తానని తీసుకున్నారు. పెద్ద శీర్షికలు, పండగ ప్రకటనలు రాసేదాన్ని. వాటితోపాటు రోజూ ఆఖరి పేజీ అడుగున వచ్చే మూడు గళ్ల బొమ్మలు.

ఆ రోజుల్లో సాయంత్రం అయిదింటికి టీవీలో ఒక కార్టూన్ వచ్చేది. ఒక రేవు, ఒక చిల్లుల పడవ, చేపల కోసం పొద్దస్తమానం కొట్టుకునే, ముక్కు కింద సంచీలున్న రెండు గూడబాతులు. దాన్నే అమెరికాలో పత్రికల కోసం బొమ్మలుగా గీసేవారు. మద్రాసులోని ఏజెన్సీ నుంచి రెండు వారాల బొమ్మలు ఒకే కవరులో మాకు వచ్చేవి. నోటి పక్కన ఇంగ్లీషు మాటలున్న బుడగ ఎంతుంటే అంత తెల్లకాగితం కత్తిరించి, దాని మీద నల్లసిరాతో తెలుగు రాసి, బుడగ మీద అతికించడం నా పని.

చెప్పినంత తేలిక కాదు. ఇంగ్లీషు అక్షరాలు బుద్ధిగా వరసలో నిలబడతాయి. మనవాటికి పైన గుడులు, కింద ఒత్తులు. వాళ్లవి నాలుగు లైన్లు పట్టే చోట మనవి రెండే పడతాయి. వాళ్లన్నదంతా చెబుదామనుకుంటే బుడగ చాలదు. ఏది వదిలెయ్యాలో తెలియడమే ఆ పనిలో సగం. ఇప్పుడు మీరు మిషను చేసిన అనువాదం దిద్దుతున్నారట కదా. మిషను అన్నీ చెబుతుంది, ఒక్క ముక్క కూడా వదలదు. వదలడానికే మీకు జీతం ఇస్తున్నారని గుర్తుపెట్టుకోండి.

ఆ బొమ్మలంటే పిల్లలకి ఎంత పిచ్చో ఇప్పుడు చెబితే నమ్మరు. టీవీ వీధికి రెండిళ్లలో ఉండేది. కార్టూన్ అయిదింటికి, కరెంటు కోత కూడా అయిదింటికే. పత్రికలో బొమ్మలకి కరెంటు అక్కర్లేదు కదా! కత్తిరించుకుని, నోటుపుస్తకాల్లో అన్నం మెతుకులతో అతికించుకునేవారు. కలిదిండి నుంచి ఒక పాప కార్డు రాసింది. "శుక్రవారం బొమ్మని మా తాతయ్య పకోడీల కింద వేసుకున్నారండీ, ఇంకోటి పంపగలరు." పంపాను. ఆకివీడు నుంచి ఒక చెరువుల రైతు కూడా రాశారు. "మా చేపపిల్లల్ని మింగే పక్షిని మీరు హీరో చేశారు. రేపు ధాన్యం తినే ఎలకకి కూడా సన్మానం చేస్తారా?" ఆ ఉత్తరాన్ని నా డ్రాయరు లోపల అంటించుకున్నాను. తిట్టడానికైనా రోజూ చూస్తున్నాడంటే ఆయనే మన నమ్మకమైన పాఠకుడు.

మిత్రుడు బావ అయిన వైనం

బొమ్మలకి తెలుగు రాయాల్సింది నేను కాదు. డెస్కులో ప్రసాద్ గారని సబ్ ఎడిటర్ ఉండేవారు, అది ఆయన పని. మంచి పండితుడు, హాస్యం మాత్రం ఆయన జాతకంలో లేదు. ఆయన తెలుగులో గూడబాతులు ఒకదాన్నొకటి "మిత్రమా" అని పిలుచుకునేవి. "మిత్రమా, నీవు మూర్ఖుడవు" అనేది సన్నది. చదివినవాళ్లకి నవ్వు రాకపోగా జాలి వేసేది.

ఒకరోజు ఆయనకి పని ఎక్కువై, "మీరే ఏదో ఒకటి రాసెయ్యండి వరలక్ష్మి గారూ, ఎవరు చూస్తారు!" అన్నారు. నేను ఆలోచించాను. ఏ బంధుత్వమూ లేనివాళ్లు మన ఊళ్లలో పొద్దున్నే ఇలా తిట్టుకుంటే పోలీసు స్టేషను దాకా పోతుంది. అదే బావా బావమరుదులు తిట్టుకుంటే, ఇంకో గరిటె పులుసు వేసి వడ్డిస్తారు. అంతే, లావుదానికి గవర్రాజు అని, సన్నదానికి బుల్లెబ్బాయ్ అని పేర్లు పెట్టి, వాళ్లని బావా బావమరుదుల్ని చేసేశాను. ఆ మర్నాటి నుంచి ఆఫీసు క్యాంటీన్లో నవ్వులు వినబడ్డాయి. ప్రసాద్ గారు మళ్లీ ఆ జోలికి రాలేదు. లెక్క ప్రకారం రాసేది ఆయన, నిజంగా రాసేది నేను. ఇన్‌ఛార్జి గారికి ఈ సంగతి తెలియదు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఒక బొమ్మలో సన్నగూడబాతు ఇంగ్లీషులో, "నువ్వు నాకన్నా లావు కాకపోయి ఉంటేనా..." అంటుంది. నేను, "మా చెల్లెల్ని చేసుకున్నావు కాబట్టి ఊరుకుంటున్నా బావా!" అని రాశాను. అది అందరికీ నచ్చింది. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. ఇంక వరసగా, "మీ చెల్లెలు పులుసు పెట్టింది", "చిట్టెమ్మకి తెలిస్తే ఊరుకుంటుందా" అని రాసుకుంటూ పోయాను. బొమ్మల్లో ఎక్కడా లేని చిట్టెమ్మ ఏడాది తిరిగేసరికి మా పాఠకులందరికీ ఇంటి ఆడపడుచు అయిపోయింది. బుడగలో చోటుంది కదా అని లేనిది పెట్టకండి. పెట్టారా, దాన్ని జీవితాంతం మీరే పోషించాలి.

మంగళవారం అచ్చయిన తప్పు

నాకో చెడ్డ అలవాటు ఉండేది. కవరులో రెండు వారాల బొమ్మలున్నా ఏ రోజుది ఆ రోజే తీసి రాసేదాన్ని. ముందుకు చూసేదాన్ని కాదు. అదొక సరదా, రేపు ఏమవుతుందో నాకూ తెలియకూడదని. పాఠకులకి ఉండాల్సిన సరదా అది, మనకి కాదు.

ఒక సోమవారం పత్రికలో గవర్రాజు పూల టోపీ పెట్టుకున్న ఒక ఆడ గూడబాతుని చూసి నోరు తెరిచాడు. దారిన పోయేవాళ్లెవరో అనుకుని ఏదో రాసేశాను. మర్నాటి బొమ్మలో గవర్రాజు మోకాళ్ల మీద కూర్చుని దానికి ఉంగరం ఇస్తున్నాడు. మరి చిట్టెమ్మో? అవతల అచ్చుకి ప్లేటు చేసేవాళ్లు, "బొమ్మలేవండీ, టైమైపోతోంది" అని అరుస్తున్నారు. "పక్షులకి పెళ్లేమిటి, ఎవరు పట్టించుకుంటారులే" అనుకుని, "ఏవండీ, నన్ను పెళ్లి చేసుకుంటారా?" అని రాసి అతికించాను. మంగళవారం పొద్దున్నే తీసిన బుధవారం నాటి బొమ్మలో గవర్రాజు ఊరంతా పిలుపులు పంచుతున్నాడు. అదీ అలాగే రాసి ఇచ్చేశాను.

మంగళవారం మధ్యాహ్నానికే ఫోన్లు మొదలయ్యాయి. దెందులూరు నుంచి ఒకావిడ ఏకంగా ఏడుపు గొంతుతో, "చిట్టెమ్మని వదిలేశాడాండీ? ఎంత ముండమోపి పని చేశాడండీ! పులుసులు పెట్టించుకున్నన్నాళ్లూ బానే ఉందా?" అంది. బుధవారం పొద్దున పిలుపుల బొమ్మ చూశాక టెలిఫోను దగ్గర కూర్చునే అమ్మాయి రిసీవరు పక్కన పెట్టేసింది.

కోటేశ్వరరావు గారు వచ్చారు

మా ఎడిషన్ ఇన్‌ఛార్జి సూర్యప్రకాశం గారు. ఆయన నవ్వగా చూసినవాళ్లు ఆఫీసులో లేరు. ఎవరైనా శుభలేఖ ఇస్తే దాన్ని కూడా ఎర్రకలంతో దిద్ది వెనక్కిచ్చే మనిషి. బుధవారం పదకొండింటికి నన్నూ ప్రసాద్ గారినీ గదిలోకి పిలిచారు. ఎదురుగా కుర్చీలో తెల్లపంచె కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన కూర్చుని ఉన్నారు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల హోల్‌సేలు వ్యాపారి, పేరు కోటేశ్వరరావు. రాబోయే తన షష్టిపూర్తికి పిల్లలు పత్రికలో ప్రకటన వేయిస్తుంటే, దంపతుల ఫోటో ఇవ్వడానికని పాసింజరు బండిలో వచ్చారు. ఫోటో ఇచ్చి ఊరుకోకుండా ఇన్‌ఛార్జి గారి గదిలోకి వచ్చేశారు.

"ఏవండీ, నేనడుగుతున్నాను. అరవయ్యేళ్లొచ్చాయని మా బోటివాళ్లం అదే పెళ్లానికి మళ్లీ తాళి కడుతున్నామండీ. మీ గవర్రాజేమో కొత్తదాన్ని వెతుక్కుంటాడా? మా ఇంట్లో ఆడవాళ్లు పొద్దున్నుంచి నావైపు అదోలా చూస్తున్నారండీ. నేనేం చేశానండీ మధ్యలో?"

సూర్యప్రకాశం గారు మావైపు తిరిగారు. "ఇది రాసిందెవరు?"

ప్రసాద్ గారు కిటికీలోంచి బయటికి చూశారు. ఆయన్ని నేను తప్పుపట్టను, ఇద్దరు పిల్లల తండ్రి. "నేనేనండీ" అన్నాను. "ఏడాదిగా నేనే రాస్తున్నానండీ. చిట్టెమ్మని పెట్టిందీ నేనే, తప్పు నాదేనండీ."

ఆయన కోప్పడలేదు. అదే నాకు ఎక్కువ భయం వేసింది. "శీర్షికలు ఎలాగూ కంప్యూటర్లో కొడుతున్నారు. చేతిరాతకి మిగిలింది ఈ బొమ్మలొక్కటే. ఆ చోట చేపల ధరలు వెయ్యమని ఆకివీడు ఏజెంటు ఎన్నాళ్లుగానో అడుగుతున్నాడు" అన్నారు. "శనివారం దాకా చూస్తాను. ఈ గోల సర్దుకోకపోతే సోమవారం నుంచి ఆ చోట ధరలే."

బొమ్మలు పోతే నేనూ పోతాను. అప్పటికి మా నాన్న మంచంలో ఉన్నారు, తమ్ముడు ఇంకా కాలేజీలో ఉన్నాడు, ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. గదిలోంచి బయటికి వచ్చాను. దాచుకోవడం దేనికి, బాత్రూములోకి వెళ్లి ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని వచ్చి, మొదటిసారి, కవరులో మిగతా బొమ్మలన్నీ టేబులు మీద పరిచాను.

గీసింది మారదు

గురువారం బొమ్మ: కోటు వేసుకుని అద్దం ముందు గవర్రాజు, పక్కన మండిపడుతున్న బుల్లెబ్బాయ్. శుక్రవారం: మనిషెత్తు కేకు. శనివారం: పెళ్లికూతురు కిటికీలోంచి ఎగిరిపోతోంది, గవర్రాజు చేతిలో ఒట్టి మేలిముసుగు, బుల్లెబ్బాయ్ భోరుమని ఏడుపు. ఇంగ్లీషులో సంగతేమిటంటే, ఆవిడకి ఇంతకన్నా పెద్ద పడవున్నవాడు దొరికాడట. ఖర్మ! దీన్ని ఉన్నదున్నట్టు రాస్తే తాడేపల్లిగూడెం నుంచి ఈసారి బండి కట్టుకుని వస్తారు.

బొమ్మని నేను మార్చలేను. గీసినవాడు ఎక్కడో సముద్రాల అవతల ఉన్నాడు. నా చేతిలో ఉన్నది తెల్లకాగితం ముక్కలే. అదే టేబులు మీద, ప్రకటనల వాళ్లు అతికించడానికి పెట్టిన కోటేశ్వరరావు గారి ఫోటో ఉంది. మెడలో దండలతో ఆయన, పక్కన ఆవిడ. ఆయన గదిలో అన్నమాట చెవిలో మోగింది: అదే పెళ్లానికి మళ్లీ తాళి.

పెళ్లికూతురు చిట్టెమ్మే! గవర్రాజుకి షష్టిపూర్తి!

మరి మోకాళ్ల మీద కూర్చుని పెళ్లి చేసుకుంటారా అని అడిగాడే, కట్టుకున్న పెళ్లాన్ని ఎవడైనా అలా అడుగుతాడా? అక్కడ చాలాసేపు చిక్కుకుపోయాను. నాకు అప్పటికి రెండు పెళ్లిచూపులు అయ్యాయి. రెండుసార్లూ వచ్చినవాళ్లు మా నాన్ననే అడిగారు. నన్నెవరూ ఏమీ అడగలేదు, పాట వచ్చా అని తప్ప. ఆ కష్టం నాలో ఉన్నట్టు నాకే తెలియదు, కలం పట్టుకున్నాక తెలిసింది. గురువారం బుడగల్లో ఇలా రాశాను.

"బావా! నా చెల్లెలికి అన్యాయం చేస్తావా?"

"పెళ్లికూతురు మీ చెల్లెలేరా! నాకు షష్టిపూర్తి."

"మరి పెళ్లి చేసుకుంటారా అని అడగడం దేనికి?"

"అప్పుడు మీ నాన్ననడిగాను. తనని ఎప్పుడూ అడగలేదు."

శుక్రవారం, "పూతరేకులు ఇంతెత్తున పేర్చారేంటి బావా!" అన్నాడు బుల్లెబ్బాయ్, ఆ తెల్లకేకుని చూసి. రెండో గడిలో, "ఆ టోపీలో చెల్లెల్ని నేనే గుర్తుపట్టలేదు, నువ్వేం పడతావు" అనిపించి సోమవారం బొమ్మని కూడా సర్దేశాను.

శనివారం దగ్గర మళ్లీ ఆగిపోయాను. ఎగిరిపోతున్న పెళ్లికూతురి బుడగ రేగుపండంత ఉంది. ఇంగ్లీషులో అందులో ఒక్కటే మాట. భర్త అంత మర్యాదగా అడిగాక, షష్టిపూర్తి పీటల మీద నుంచి ఇల్లాలు ఎందుకు లేచి పరిగెడుతుంది? పెద్ద కారణాలు ఆ బుడగలో పట్టవు. గంటసేపు కాగితాలు కత్తిరించి పారేశాను. చివరికి పట్టినవి రెండే మాటలు: "అయ్యో! పాలు!"

ఏడుస్తున్న బుల్లెబ్బాయ్‌ని ఓదారుస్తూ గవర్రాజు నోట, "పొయ్యి మీద పెట్టి వచ్చిందిరా" అని. అంతే.

సాయంత్రం మూడింటినీ తీసుకెళ్లి సూర్యప్రకాశం గారి ముందు పెట్టాను. ఆయన చదివారు. మళ్లీ చదివారు. మొహంలో ఏమీ కనబడలేదు. ఎర్రకలం తీశారు, ఏమీ దిద్దకుండా మూలన సంతకం పెట్టారు. "వెయ్యండి. సోమవారం చూద్దాం."

ఈ మనిషి గురించి ఒక్కమాట చెప్పాలి. కఠినం, నిజమే. కానీ ఆయన కింద పనిచేసినన్నాళ్లూ ఒప్పుకున్న తప్పుకి రెండో శిక్ష వెయ్యగా చూడలేదు. దాచిన తప్పుని మాత్రం వదిలేవారు కాదు. మీకు నవ్వుతూ భుజం తట్టే బాసులు చాలామంది దొరుకుతారు. వీలైతే ఇలాంటివాణ్ణి వెతుక్కోండి.

సోమవారం

గురువారం ఫోన్లు తగ్గాయి. శుక్రవారం అసలు లేవు. శనివారం మళ్లీ మోగాయి, ఈసారి నవ్వులు. దెందులూరావిడ ఫోన్ చేసి, "మా ఆడపడుచు పెళ్లిలో నేనూ ఇలాగే పరిగెత్తానండీ, గిన్నె మాడిపోయింది!" అంది. అయినా నాకు ధైర్యం చాలలేదు. సూర్యప్రకాశం గారు ఒక్కమాట అనలేదు కదా.

సోమవారం పొద్దున ఆయన గదిలోకి పిలుపు వచ్చింది. వెళ్లేసరికి కుర్చీలో మళ్లీ కోటేశ్వరరావు గారు! నా పని అయిపోయిందనుకున్నాను.

"ఏవండీ, మా ప్రకటన ఆపెయ్యాలండీ" అంటున్నారాయన.

సూర్యప్రకాశం గారు కలం కింద పెట్టారు. "ఎందుకండీ? బొమ్మల సంగతి సర్దేశాం కదండీ?"

"అదేనండీ వచ్చిన చిక్కు. గురువారం బొమ్మ మా ఇంట్లో అందరూ చదివారండీ. కోడళ్లు నవ్వుతున్నారు. మా ఆవిడ మాత్రం నవ్వలేదండీ. నాకేదో మనసులో పడిపోయింది. శనివారం సాయంత్రం కొట్టు మూసొచ్చి, మోకాళ్ల మీద కూర్చోలేదులెండి, కీళ్లనొప్పులు, కుర్చీలోనే కూర్చుని అడిగానండీ. నన్ను చేసుకుంటావా అని."

"ఏమన్నారండీ?" అన్నాను, ఆగలేక.

"ఆలోచించుకుని చెబుతానందండీ. ఆవిడ ఏమాటా చెప్పకుండా పేపర్లో వేసేస్తే బాగుండదు కదండీ? అందుకని ఓ నాలుగు రోజులు ఆపండి."

అప్పుడు చూశాను సూర్యప్రకాశం గారి నవ్వు. శబ్దం లేదు. భుజాలు కదిలాయి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. కోటేశ్వరరావు గారిని గుమ్మం దాకా సాగనంపి వచ్చి నాతో, "చేపల ధరలు నాలుగో పేజీలో వేద్దాం" అన్నారు. నేను ఊపిరి పీల్చుకునేలోపే, "కానీ వచ్చే నెల నుంచి బుడగల్లో కూడా కంప్యూటరు అక్షరాలే, మీ చేతిరాత అక్కర్లేదు" అన్నారు.

"మరి నేనండీ?"

"అక్షరాలు అది చూసుకుంటుంది. మాటలు మీరు చూసుకోండి. డెస్కులో ప్రసాద్ పక్కన కుర్చీ వేయిస్తాను. ఏడాదిగా చేస్తున్న పనేగా, ఇకమీదట కాస్త చెప్పి చెయ్యండి."

నా గుండ్రటి అక్షరాలు పోయినందుకు బాధ పడలేదంటే అబద్ధం. కానీ నేను బతికింది వాటి మీద కాదని ఆ రోజే తెలిసింది. తర్వాత కొన్నేళ్లకి టీవీలో ఆ కార్టూన్ ఆగింది, ఇంకొన్నాళ్లకి పత్రికలో బొమ్మలూ ఆగాయి. నేను మాత్రం ఆ కుర్చీలోంచే రిటైరయ్యాను. ఇప్పటికీ నలభై ఏళ్ల మనుషులు బజారులో ఆపి, "గవర్రాజుని రాసింది మీరేనటగా మేడం" అంటుంటే నాకు కడుపు నిండిపోతుంది.

కోటేశ్వరరావు గారి ప్రకటన సంగతి చెప్పలేదు కదూ. గురువారం మధ్యాహ్నం నా కొత్త కుర్చీ పక్కన ఫోను మోగింది.

"నేను తాడేపల్లిగూడెం నుంచండీ. నా పేరు రత్నమ్మ. మా షష్టిపూర్తి ప్రకటన మీ దగ్గర ఆగి ఉందట. ఒప్పుకున్నానండీ, వేసెయ్యండి."

"సంతోషమండీ! అయితే అయిదు రోజులు ఆలోచించారన్నమాట?" అన్నాను.

"ఆలోచించడానికేముందండీ" అందావిడ, నవ్వుతూ. "ముప్పై ఎనిమిదేళ్లకి ఒక్కసారి అడిగారు. వెంటనే సరేననేస్తే ఆ ముచ్చట అక్కడితో అయిపోదూ?"